ముట్టినట్టు

కార్బన్ కాగితాలు పెట్టి మూడు నకళ్లు కొట్టాను.
ఒకటి వాళ్ల రాజధానికి, ఒకటి మాకు.
మూడోది ఎవరికని అడిగితే
కమిషనర్ పెన్‌రోజ్ కాసేపు ఆలోచించి
"మూడుండాలి, అంతే" అన్నారు.

అంశం ఒకటి. జెండా కొయ్య, సున్నం వేసినది.
అంశం రెండు. రేవు గిడ్డంగి తాళంచెవులు, పదకొండు.
తాళాలు, రెండు.
అంశం ఆరు. జైలు, ఒక గది. ఖైదీలు, లేరు.
నిన్నటిదాకా మా మేనమామ బియేటా ఉండేవాడు,
కల్లు పులియబెట్టిన నేరానికి.
జాబితా శుభ్రంగా ఉండాలని వదిలేశారు.
గోడ మీద బొగ్గుతో గీస్తున్న పడవకు
తెరచాప ఇంకా మిగిలిందని
రెండు రోజులు గడువడిగాడు.

తుపాకీ పేలలేదు. ఎవరూ ఎవరినీ తరమలేదు.
నాలుగు ముక్కల తంతి వచ్చింది.
అరవై ఏళ్లు మా తెల్లమట్టిని ఓడలకెత్తి
వాళ్ల గోధుమ చేలకు చల్లుకున్నారు.
మట్టి అడుగంటాక లెక్క చూసుకుంటే
దీపపు వెలుగు కన్నా నూనె ఖరీదని తేలింది.

అయినా పెన్‌రోజ్‌ను తప్పుపట్టలేను.
మట్టి ఉన్న రోజుల్లోనే పైవాళ్లకు రాశారాయన.
ఆ ఉత్తరం కొట్టింది నేనే:
"మూడోసారి అడిగించుకోవద్దు,
రెండోసారికే లేచి వద్దాం."
జవాబుగా కొత్త జెండా పంపారు,
పాతది వెలిసిందేమోనని.

అంశం పద్నాలుగు. మంచినీటి బావి.
నా వేళ్లు అక్కడ ఆగిపోయాయి.
మా అమ్మమ్మ తల్లి తాబేటి చిప్పతో తవ్విన బావి.
పక్కన రాయాలి: ఇచ్చినవారు. పుచ్చుకున్నవారు.

ఆ రాత్రి సభాశాల పెద్ద కప్పు కింద
జాబితాను మా మాటల్లోకి మార్చి చదివాను.
బావి దగ్గరకొచ్చేసరికి
చాపల మీది ముసలమ్మలు బోసినోళ్లతో నవ్వారు,
అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తున్నాడే అని.
నేయ్ తెరేంగా మాత్రం నవ్వలేదు.
"గుంట ఏదీ? మట్టి తీసిన గుంట?
అది రాయలేదేం?"

అంశం నలభై ఒకటి. గుంట, ఒకటి.
లోతు, మూడు కొబ్బరిచెట్లు.
పొద్దున పెన్‌రోజ్ కొట్టేస్తారనుకున్నాను.
కళ్లద్దాలు తుడుచుకుని
"లోతు సరిగ్గా కొలిచారా?" అని మాత్రం అడిగారు.

సిరాదిండు ముందు నేయ్ తెరేంగా చెయ్యి చాచలేదు.
"నా ముక్కు నాకు ముట్టిందని
వేలిముద్ర ఎలా వెయ్యను బాబూ?"

ఓడ ఒకసారి కూసింది.
ఎక్కడైనా ఇలాంటి చోటే కదా మాట పెరిగేది.
కుర్రాళ్లు కొందరు లేచి నిలబడ్డారు కూడా.
పెన్‌రోజ్ నన్ను లేవమన్నారు.
నా స్టూలు మీద తను కూర్చుని
రెండు వేళ్లతో, తప్పులతో,
టీ చల్లారి ఈగ పడేదాకా
జాబితా చివర నాలుగు వరుసలు కొట్టారు:

ఇవి మావి కావు.
అడక్కుండా తీసుకున్నాం.
మిగిలినంతవరకు ఉన్నచోటే వదిలాం.
మిగలనిదానికి నలభై ఒకటో అంశం చూడగలరు.

సంతకం తనొక్కరే చేశారు.
నేయ్ తెరేంగా సాక్షిగా వేలు ముద్రించి
ఆ వేలిని తన తలకే రాసుకుంది.

చేతులూపామా అంటే ఊపాం.
కొందరు ఏడ్చారు, ఎందుకో నన్నడక్కండి.
జెండా కొయ్యకు ఇప్పుడు వలలు ఆరేస్తున్నారు.

మూడో నకలు నా దగ్గరే ఉండిపోయింది.
దాని వెనకవైపు ఈ ఉత్తరం రాస్తున్నాను.

అయ్యా,
మీ గొడుగు బల్ల పక్కన మరిచారు. ఏ అంశంలోనూ లేదు.
ఎప్పుడైనా వచ్చి తీసుకువెళ్లండి.
ముందు ఉత్తరం ముక్క రాయండి, గుమ్మం దగ్గర ఆగి పిలవండి,
చాప వేస్తాం.
ఇక్కడ పడమటి గాలి తిరిగింది, వానలు మొదలయ్యాయి.
అందాకా వాడుకుంటున్నాను.
ముట్టినట్టు
ఇందుమూలంగా తెలియజేయడమైనది.